అక్వేరియంలో కుండీల్లో పెట్టే మొక్కలకు అడుగున ఏం నింపాలి?

పెన్న ఒడ్డు (కడప)

అందరికీ నమస్కారం. మాది అద్దె ఇల్లు కావడంతో ఏడాదికో రెండేళ్లకో సామాను సర్దుకోవలసి వస్తుంది. అందుకే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న మా అక్వేరియంలో అడుగంతా మట్టి పరచకుండా, మొక్కలను చిన్న చిన్న కుండీల్లో నాటి నీళ్లలో దించాలని నిర్ణయించుకున్నాను. ఇల్లు మారే రోజున కుండీలను తీసి బకెట్లో పెట్టుకుంటే సరిపోతుంది, మిగతా రోజుల్లో తొట్టి అడుగున చేరిన మురికిని పైపుతో లాగివేయడమూ తేలికవుతుంది. తొట్టిలో పది గప్పీలు, నాలుగు మోలీలు ఉన్నాయి. నీళ్లు బోరువే, కుళాయి మూతి చుట్టూ, స్టీలు బిందె లోపలా తెల్లటి పొర కట్టే రకం.

నిరుడు ఏప్రిల్‌లో ఒకసారి ఈ పని చేసి చేతులు కాల్చుకున్నాను. మిద్దె మీద పూలమొక్కలకు వాడే మట్టిని, అంటే వర్మీకంపోస్టు బాగా కలిపిన మట్టిని, మూడు ప్లాస్టిక్ కుండీల్లో నింపి, పైన నీలం రంగు గులకరాళ్లు ఒక పొర వేసి నీళ్లలో దించాను. మరునాటికే నీళ్లు పలచటి టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. మూడో రోజు పొద్దున చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. సాయంత్రానికి ఆరు గప్పీలు పోయాయి. కుండీలు బయటికి తీసి బోర్లిస్తే లోపలి మట్టి కాటుకలా నల్లబడి ఉంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన గదంతా నిండిపోయింది. ఆ రోజు మా ఇంట్లో నాకు పడిన అక్షింతల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా ముందు నాలుగు దారులు ఉన్నాయి. దుకాణంలో అమ్మే ఆక్వా సాయిల్ సంచి ఒకటి, ధర చూసి దాన్ని మళ్లీ అరలోనే పెట్టి వచ్చాను. పక్క ఇంటి కట్టుబడిలో మిగిలిన పెన్న ఇసుక రెండోది. అనంతపురం దగ్గర మా మేనమామ వేరుశనగ చేలోని ఎర్రమట్టి మూడోది, ప్రొద్దుటూరు వైపు నుంచి తెప్పించుకోగలిగిన నల్లరేగడి నాలుగోది. నాటదలచిన మొక్కలు వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్, అనూబియాస్. కుండీలుగా కుమ్మరి దగ్గర దొరికే పెరుగు పిడతలు వాడదామనుకుంటున్నాను. వీటిలో దేన్ని నింపితే మొక్క బతుకుతుందో, చేపకు హాని జరగదో అనుభవం ఉన్నవారు చెప్పగోరుతున్నాను.

నాపరాయి (కర్నూలు)

మీ చేపలను చంపింది వర్మీకంపోస్టు, దానికి తోడు ఏప్రిల్ ఎండ. నీళ్లలో మునిగిన ఎరువు కుళ్లేటప్పుడు ప్రాణవాయువును లాగేసుకుంటుంది, అమ్మోనియాను వదులుతుంది. లీటరు నీటిలో 25 డిగ్రీల వేడి దగ్గర సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములకు మించి నిలవదు. అదే వేడికి కుళ్లు మాత్రం రెట్టింపు వేగం అందుకుంటుంది. పైగా అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం, మామూలు వేడి మీద, పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాల కొలత) 7 ఉన్న నీళ్లలో నూటికి ఒక పాలు కూడా ఉండదు గాని, పీహెచ్ 8 దగ్గర నూటికి ఐదు పాళ్ల వరకు పెరుగుతుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఆ 8 దగ్గరలోనే ఉంటాయి. మెత్తటి నీళ్లు, అంటే సున్నం తక్కువ ఉన్న నీళ్లు, దొరికే ఊళ్లో ఇదే పొరపాటు చేసినవాడికి బహుశా చేపలు దక్కి ఉండేవి.

అడుగంతా పరచిన ఇసుకకూ కుండీలో నింపిన ఇసుకకూ ఉన్న తేడాను కూడా గమనించండి. పరచిన ఇసుకలోకి చేపల వ్యర్థం నెమ్మదిగా దిగి, కొంతకాలానికి అదే ఎరువవుతుంది. కుండీ అలా కాదు. అది అంచులున్న గిన్నె, బయటి మురికి అందులోకి పెద్దగా చేరదు, లోపలి నీరు బయటికి కదలదు. కాబట్టి మొదటి రోజు మీరు లోపల ఏం పెట్టారో, వేరుకు ఆరు నెలల పాటు అదే తిండి, అదే గాలి. ఉత్త ఇసుక నింపితే మొక్క పస్తులుంటుంది, ఎరువు దట్టిస్తే వేరు ఊపిరాడక కుళ్లుతుంది.

ఇక మన ప్రాంతంలో అన్నిటికంటే ముందు చూసుకోవలసింది సున్నం. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు, అరలకు వాడే కడప బండలు అన్నీ సున్నపురాయే. బేతంచెర్ల (2022 నుంచి అది నంద్యాల జిల్లా), తాడిపత్రి పాలిష్ బండలకు పేరుపడినా, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినా, కారణం ఆ రాయే. కుందూ నది ఆ రాతి నేలల మీదుగా వచ్చి పెన్నలో కలుస్తుంది కనుక, కడప దాకా వచ్చిన పెన్న ఇసుకలో సున్నపురాతి నలుసులు, నత్తగుల్లల ముక్కలు ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చాలా సులువు. బాగా ఎండిన ఇసుకను రెండు చెంచాలు గాజు గ్లాసులో వేసి, మునిగేదాకా వెనిగర్ పోసి, గ్లాసును చెవి దగ్గర పెట్టుకోండి. సున్నం ఉంటే, సోడా సీసా మూత తీసిన తరవాత వినిపించే సన్నటి చిటపట వినిపిస్తుంది. గింజల మీద బుడగలు వరుస కడతాయి. క్వార్ట్జ్ ఇసుక అయితే చప్పుడు చేయదు. నిమ్మరసంతోనూ చూడవచ్చు గాని, ఇసుక గింజల మీద వెనిగర్ స్పష్టంగా తేలుస్తుంది.

సున్నం ఉన్నంత మాత్రాన మీ గప్పీలకూ మోలీలకూ ఏమీ కాదు, ఆ రెండూ ఉప్పదనం, గట్టిదనం ఉన్న నీళ్లను ఇష్టపడే చేపలే. మీ నీళ్లు ఇప్పటికే సున్నంతో నిండి ఉన్నాయి కనుక తొట్టి నీటిలో ఆ రాయి మరీ అంతగా కరగదు కూడా. చిక్కంతా కుండీ లోపలే వస్తుంది. వేరు శ్వాసించడం వల్ల, మట్టి కుళ్లడం వల్ల పుట్టే కార్బన్ డయాక్సైడ్ అక్కడే నిలిచిపోయి సున్నాన్ని కరిగిస్తుంది. ఆ సున్నం మధ్య వేరుకు ఇనుము అందదు, కొత్త ఆకు తెల్లబోతుంది. కనుక చిటపటలాడిన ఇసుకను కుండీలో వేయకండి.

గింజ కొలత ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఇంట్లోనే రెండు జల్లెళ్లతో తేల్చవచ్చు: బియ్యం జల్లెడ నుంచి దిగి, పిండి జల్లెడ మీద నిలిచిన ఇసుకే మీకు కావలసినది. పిండి జల్లెడ కిందికి రాలిన సన్న ఇసుక నీళ్లలో సిమెంటులా బిగుసుకుంటుంది, దాన్ని పారబోయండి. నిలిచిన దాన్ని బకెట్లో వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పుతూ, పైన తేలిన మట్టినీళ్లు వంచేస్తూ, పదిసార్లయినా కడగండి. బకెట్ అడుగున మీ గోళ్లు మీకు కనిపించినప్పుడు ఆపవచ్చు.

నేను నింపే పద్ధతి ఇది. ఎనిమిది సెంటీమీటర్ల లోతున్న పిడత అడుగు రంధ్రం మీద పెంకు ముక్క ఒకటి, అది మట్టి జారకుండా మాత్రమే; పూలకుండీల్లో నీరు దిగడానికి వేసే రాళ్ల పొర ఇక్కడ దండగ, ఎందుకంటే చుట్టూ ఉన్నదంతా నీరే. ఆపైన ఎర్రమట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి మూడు సెంటీమీటర్లు. దాని మీద ఉత్త ఇసుక నాలుగు సెంటీమీటర్లు. మిగిలిన సెంటీమీటరు అంచు కోసం వదలండి, లేకపోతే చేపలు తోక ఆడించినప్పుడల్లా ఇసుక కింద పడుతుంది. ఎర్రమట్టిని వాడబోయే ముందు తడిపి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ తడిపి, ఇలా నాలుగు విడతలు చేయండి. అందులో మిగిలి ఉన్న కుళ్లే పదార్థం ఆ విడతల్లోనే తీరిపోతుంది. ఇతర ఊళ్లవాళ్లకు దీనికి నెల పడుతుంది, మన ఎండకు వారం చాలు.

నింపిన పిడతను వెంటనే తొట్టిలోకి దించకండి. మొదట బకెట్ నీళ్లలో పక్కకు వంచి పెడితే లోపలి గాలి బుడబుడమంటూ బయటికి పోతుంది. ఆ గాలి తొట్టిలో పోతే పైన వేసిన ఇసుకను చీల్చుకుని మట్టిని పైకి తెస్తుంది. ఒక రోజంతా బకెట్లో ఉంచి, నీళ్లు తేటగా ఉంటేనే తొట్టిలోకి మార్చండి. జాజు పూసిన కుండీలు, రంగు వేసినవి, ఇదివరకు పూలమొక్కలకు వాడి మందులు పీల్చుకున్నవి వద్దు.

అనూబియాస్‌కు కుండీయే అవసరం లేదు. దాని లావుపాటి కాండాన్ని మట్టిలో పూడిస్తే కుళ్లిపోతుంది. చిన్న గ్రానైట్ రాయికి నూలుదారంతో కట్టి వదిలేయండి.

వేరుశనగ చేను (అనంతపురం)

పై సమాధానంలో ఇసుక గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. కాని మీ మేనమామ గారి చేలోని మట్టిని తొట్టిలోకి తీసుకురావద్దని గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఆ పొరపాటు నేను చేశాను.

మా వైపు వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మామూలు. కాయ గట్టిపడటానికి కావలసిన కాల్షియం, గంధకం అందులో దొరుకుతాయి. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. చేనులో గాలి తగులుతున్నంత కాలం దానితో ఏ ఇబ్బందీ లేదు. అదే మట్టిని కుండీలో పెట్టి నీళ్లలో ముంచితే, లోపల ప్రాణవాయువు అయిపోయిన తరవాత కొన్ని రకాల బాక్టీరియా ఆ సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. మీకు నిరుడు తగిలిన కోడిగుడ్డు వాసన అదే వాయువుది. నేను మట్టికి ఏం జరుగుతుందో చూద్దామని గాజు గ్లాసులో మొక్క నాటాను గనుక నాకు కంటికి కనిపించింది: ఐదో వారంలో గ్లాసు గోడకు ఆనుకుని అడుగున పెసరగింజంత నల్లమచ్చ ఒకటి పుట్టింది, పది రోజులకు అది అరచేయంత అయింది, స్వోర్డ్ మొక్క తెల్లటి వేళ్లు ఆ మచ్చ దాకా వచ్చి అక్కడ గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. మొక్కను లాగితే వేరు ఊడి చేతికి వచ్చింది.

అలాగని ఎర్రమట్టే పనికిరాదని అనను, మొక్కకు దానిలో ఉన్నంత ఇనుము ఇంకెక్కడా అంత చవకగా దొరకదు. ఆ ఎరుపు ఇనుపతుప్పు రంగే. మామూలు నేలలో ఆ తుప్పు నీటిలో కరగదు గాని, కుండీ లోపల ప్రాణవాయువు తగ్గిన చోట కొద్దికొద్దిగా వేరు పీల్చుకోగల రూపంలోకి మారుతుంది. కాబట్టి చేనులో కాకుండా, ఎన్నడూ దుక్కి ఎరగని గుట్ట పక్క నేలలో, పై మట్టిని తోసివేసి, అడుగు లోతు కింది మట్టిని తీసుకోండి. అక్కడ ఎరువూ ఉండదు, మందూ ఉండదు, ఆకు అలమూ కుళ్లి ఉండదు. సమపాళ్లు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. మట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు చాలు.

నల్లరేగడి మాట మరచిపోండి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వేసే ఆ మట్టి పోషకాలను పట్టి ఉంచడంలో అన్నిటికంటే మిన్నే అయినా, కుండీలో తడిసినప్పుడు జిగురుముద్దగా మారి వేరు చుట్టూ గాలికి, నీటికి దారి లేకుండా చేస్తుంది, దానిలో సున్నపు ముక్కలూ ఉంటాయి. పొరపాటున పిడత బోర్లపడితే తొట్టి మూడు రోజులు తేరుకోదు.

మట్టంటేనే భయం పట్టుకున్నవారికి ఇంకొక దారి ఉంది. కుమ్మరి దగ్గర పచ్చి బంకమట్టి అడిగి తెచ్చుకుని (వినాయక చవితికి బొమ్మలు చేసే రోజుల్లో అయితే రంగు తగలనిది ఊరికే ఇస్తారు), శనగగింజంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టి, పిడతను కడిగిన ఇసుకతోనే నింపి, వేరు దగ్గర నాలుగు ఉండలు లోతుగా గుచ్చండి. బాగా కాలిన ఇటుకను రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా దంచి, దుమ్ము కడిగి, ఇసుకకు బదులు వాడినా బాగుంటుంది. బరువు తక్కువ, వేరుకు సందులు ఎక్కువ. ఆ ఉండల్లో డీఏపీ, యూరియా గుళికలు దాచమని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. చేపలున్న తొట్టిలో ఆ పని వద్దు, ఒక్క ఉండ పగిలినా అమ్మోనియా అంతా నీళ్లలో కలుస్తుంది.

రెండో మిద్దె (కడప)

ఆక్వా సాయిల్ వాడినవారు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ పక్షాన నాలుగు మాటలు చెప్తాను. అది సహజమైన మట్టిని గుళికలుగా చేసి తక్కువ వేడి మీద కాల్చిన సరుకు. నీటిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తనలోకి లాక్కుని పీహెచ్‌ను తగ్గించడం దాని ప్రత్యేకత. ఆ గుణం కోసమే దానికి అంత ధర. మన దగ్గర కష్టం ఏమిటంటే, కుళాయి మూతికి సున్నం కట్టే నీళ్లను వారం వారం మారుస్తూ పోతే, ఆ గుళికలు ఎంత లాక్కోగలవో అంతా లాక్కుని తొందరగా నిండిపోతాయి. నా తొట్టిలో ఐదు నెలలకే పీహెచ్ మళ్లీ బోరు నీళ్ల దగ్గరికి వచ్చి చేరింది. అప్పటి నుంచి ఆర్వో నీళ్లు సగం కలుపుతున్నాను. ఆ ఓపిక లేనివారు ఆ గుణానికి డబ్బు పెట్టడం వృథాయే.

అయితే ఒక లెక్క చూడండి. మీ తొట్టి అడుగు సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. ఐదు సెంటీమీటర్ల మందాన పరచాలంటే తొమ్మిది లీటర్ల సాయిల్ కావాలి. అదే ఇసుక అయితే పద్నాలుగు కిలోల పైమాటే. ఐదు పిడతలకైతే పిడతకు అరలీటరు చొప్పున రెండున్నర లీటర్లు చాలు. ముగ్గురు కలిసి ఒక సంచి పంచుకుంటే ధర గురించి అంత బాధపడనక్కరలేదు. పీహెచ్ తగ్గించే గుణం పోయాక కూడా గుళిక పోషకాలను పట్టుకుని ఉంటుంది, వేరు దాని సందుల్లో హాయిగా పాకుతుంది. వాడేటట్లయితే రెండు జాగ్రత్తలు పాటించండి. ఒకటి, ఇసుకలా చేత్తో పిసికి కడగకూడదు, గుళిక చితికి బురదవుతుంది. రెండు, మొదటి కొన్ని వారాలు అది అమ్మోనియా వదులుతుంది కనుక నాటిన కుండీలను మూడు నాలుగు వారాలు వేరే బకెట్లో ఉంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, ఆ తరవాతే చేపల దగ్గరికి చేర్చండి. నిరుడు మీకు జరిగినది దృష్టిలో పెట్టుకునే ఈ మాట ఒత్తి చెప్తున్నాను.

గోల్డ్‌ఫిష్ బాధితుడు (కర్నూలు)

ప్రశ్న అడిగినవారికి గోల్డ్‌ఫిష్ లేదు గాని, చదివేవారిలో ఉన్నవారి కోసం ఒక మాట. అది ఇసుకను నోట్లో పోసుకుని ఉమ్మే చేప, పిడతలో నాటిన మొక్కను రాత్రికి రాత్రే పీకి పైకి తేలుస్తుంది. పిడత మీద చదునైన రాళ్లు పేర్చాలి, అవి చేప నోట్లో పట్టనంత పెద్దవి కావాలి; బఠాణీ గింజంత గులకరాళ్లు వేస్తే గొంతులో ఇరుక్కుంటాయి. మా చేపకు ఇరుక్కున్న రాయిని తడి చేతితో పట్టుకుని తీయవలసి వచ్చింది.

పెన్న ఒడ్డు (కడప)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పూట పరీక్షలన్నీ చేశాను. పక్క ఇంటి పెన్న ఇసుక వెనిగర్‌లో బాగానే చిటపటలాడింది; భూతద్దం పెట్టి చూస్తే తెల్లటి నలుసులు, గోరంత నత్తగుల్లల ముక్కలు కనిపించాయి. నల్లరేగడి అంతకంటే ఎక్కువగా నురగ కట్టింది. కర్నూలు నుంచి వస్తున్న మా బావమరిది సంచెడు తుంగభద్ర ఇసుక తెచ్చాడు, అది చప్పుడు చేయలేదు. మేనమామ గారు గుట్ట పక్క నుంచి లోతు మట్టి తీయించి పంపారు (ఒక పిడికెడు మట్టి కోసం ఇంత హంగామా ఏమిటని ఫోనులో అరగంట నవ్వారు), అదీ చప్పుడు చేయలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. కుమ్మరి ఇచ్చిన పిడతలకు అడుగున రంధ్రం లేదు, పెట్టించాలా? రెండోది, తుంగభద్ర ఇసుకలో తళుకుతళుకుమనే రేకులు కనిపిస్తున్నాయి, వాటి వల్ల చేపలకు ఏమైనా అవుతుందా?

నాపరాయి (కర్నూలు)

ఆ తళుకులు కాకిబంగారం, అంటే అభ్రకం. నీళ్లలో కరగదు, చేపకు హాని లేదు. కడిగేటప్పుడు రేకులు పైకి తేలి చాలావరకు పోతాయి కూడా.

రంధ్రం లేకపోయినా పని జరుగుతుంది గాని, ఉంటే అడుగు పొరకు కొద్దిగానైనా నీరు ఆడుతుంది. పిడతలను రాత్రంతా నానబెట్టి, తిరగవేసి ఇసుక మీద కదలకుండా కూర్చోబెట్టి, గోడలకు వాడే డ్రిల్ బిట్‌తో, సుత్తి దెబ్బ మోడ్ ఆపేసి, మెల్లగా తొలవండి. మేకు పెట్టి కొట్టారో, పదింటిలో ఆరు పగులుతాయి. రంధ్రం పెట్టని పిడతల్లో వారానికోసారి సన్నటి పుల్లతో ఇసుకను నాలుగైదు చోట్ల గుచ్చండి. బుడగ వచ్చి వాసన లేకపోతే మంచిదే, వాసన ఉంటే ఆ పిడతను బయటికి తీసి మళ్లీ నింపండి. ఒక్క కుండీ చెడితే ఆ ఒక్కదాన్నే తీయగలగడం ఈ పద్ధతిలో ఉన్న సుఖం.

మట్టి ఎన్ని పాళ్లు కలపాలనే విషయంలో అనంతపురం మిత్రుడి మాటే వినండి. నాది మెత్తటి కాలువ నీళ్ల అనుభవం, మీది బోరు.

పెన్న ఒడ్డు (కడప)

ఏడు వారాల తరవాత రాస్తున్నాను. మట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు కలిపి ఐదు పిడతలు నింపాను, రెండు రోజులు బకెట్లో ఉంచి దించాను. నీళ్లు రంగు మారలేదు, చేపలు పైకి రాలేదు. క్రిప్టోకోరైన్ ఆకులు మొదటి వారంలోనే తడిసిన కాగితంలా కరిగిపోయాయి. పారేద్దామనుకుని బద్ధకించి వదిలేస్తే, నాలుగో వారంలో ఇసుకలోంచి గోధుమరంగు మొలకలు మూడు వచ్చాయి. వాలిస్నేరియా అయితే పిడత అంచు దాటి తీగ చాచి, పక్క పిడతలో పిల్లమొక్కను పెట్టింది. అమెజాన్ స్వోర్డ్ ఒక్కటే నాకు నచ్చడం లేదు: కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పాలిపోయి వస్తోంది, పాత ఆకులు బాగానే ఉన్నాయి. పిడత తీసి చూస్తే రంధ్రంలోంచి వేళ్లు బయటికి వచ్చి గుత్తిలా వేలాడుతున్నాయి.

వేరుశనగ చేను (అనంతపురం)

కొత్త ఆకులో మాత్రమే పాలిపోవడం ఇనుము చాలకపోవడానికి గుర్తు. మీ నీళ్ల సున్నం సగం కారణం, ఆ వేళ్ల గుత్తి మిగతా సగం. స్వోర్డ్ తిండిపోతు మొక్క, అరలీటరు పిడతలోని మట్టిని అది ఇప్పటికే ఖాళీ చేసి ఉంటుంది. రెండు లీటర్లు పట్టే వెడల్పాటి మూకుడులోకి మార్చండి, లోతు పది సెంటీమీటర్లు దాటనీయకండి. మార్చేటప్పుడు వేర్లను చేతి నాలుగు వేళ్ల వెడల్పంత పొడవుకు కత్తిరించి, మొదలు ఇసుక పైకి కనిపించేలా నాటండి. దుకాణంలో ఇనుము ఉన్న రూట్ ట్యాబ్ (వేరు దగ్గర గుచ్చే ఎరువు బిళ్ల) దొరికితే సగం విరిచి వేరు కింద లోతుగా పెట్టండి, దొరకకపోతే అదే గుట్ట మట్టితో నాలుగు ఉండలు గుచ్చండి. పాలిపోయిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని కోసం చూడకండి. ఆ తరవాత వచ్చే ఆకు ఎలా ఉందో రాయండి.